సారు చెప్పిన మూడు వేళ్ళ కథ

మా తమ్ముడి కుడిచేతికి మూడు వేళ్ళు లేవు. ఆ మూడు వేళ్ళ మీద కాలు పెట్టి మా మేనేజరు పైకెక్కాడు. ఇంత మొరటుగా అనకూడదు వదినా అంటుంది మా మరదలు. నాకు ఇంతకన్నా మర్యాదగా చెప్పడం చేతకాదు.

నేను లిఫ్ట్ మెకానిక్‌ని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఆడమనిషి లిఫ్ట్ షాఫ్ట్‌లోకి దిగడమేమిటని మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు మోటారు మొరాయిస్తే అక్కా అక్కా అంటూ నా వెంట పడతారు. తమ్ముణ్ణి ఈ పనిలోకి తెచ్చింది నేనే. వాడు నాకంటే మంచి మెకానిక్ అయ్యాడు. తలుపు మూసుకునే చప్పుడు విని ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. ఆరేళ్ళ కిందట వేళ్ళు పోయాయి, వాటితోపాటు లైసెన్సు కార్డూ పోయింది. కార్డు లేనివాడు షాఫ్ట్‌లో కాలు పెట్టడానికి లేదు. అప్పట్నుంచి స్టోర్‌రూమ్ కిటికీ వెనక కూర్చుని అడిగినవాళ్ళకు బోల్టులు అందిస్తున్నాడు.

మేనేజరుకు మేం పెట్టుకున్న పేరు మెత్తటి సారు. గొంతు పెంచడు, విసుక్కోడు, నవ్వు చెరగనివ్వడు. తిట్టే మేనేజర్లను చాలామందిని చూశాను. వాళ్ళతో వేగొచ్చు, తిరిగి నాలుగు అంటే సరిపోతుంది. ఈయనతో ఆ సుఖం కూడా లేదు.

పోయిన నెల మా కంపెనీవాళ్ళు కథలు చెప్పడం నేర్పే మేడమ్‌ని ఒకావిణ్ణి పిలిపించారు. ప్రమోషన్ కావాలన్నా, ఇంకో బ్రాంచికి మారాలన్నా, ఆఖరికి పోయిన లైసెన్సు తిరిగి కావాలన్నా, ఇకమీదట ప్రతివాడూ తన పని గురించి అయిదు నిమిషాల కథ చెప్పాలట. పని చేసి చూపిస్తే చాలదట. నలభైమందిని మీటింగ్ హాల్లో గుండ్రంగా కూర్చోబెట్టారు. మేడమ్ బోర్డు మీద మూడు మాటలు రాసింది. కష్టం, మలుపు, పాఠం. ఎవరి ఉద్యోగమైనా ఈ మూడింట్లో ఇమిడిపోతుందని చెప్పింది. పాపం, ఆవిడ మంచిదే. గ్రీజు చేతులతో వచ్చిన మమ్మల్ని చూసి మొహం చిట్లించలేదు. మా వైర్‌మన్ లేచి, తన కష్టం క్యాంటీన్ టీ అనీ, మలుపు కోసం పదేళ్ళుగా చూస్తున్నాననీ అంటే అందరితో పాటు తనూ నవ్వింది.

మచ్చుకి ఒక కథ చెబుతానని మెత్తటి సారు లేచాడు. ఈ కథ తను చాలాచోట్ల చెప్పాడనీ, చెప్పిన ప్రతిసారీ గొంతు పట్టేస్తుందనీ అన్నాడు. తను సైట్ ఇంజనీరుగా ఉన్న రోజుల్లో ఒక కుర్రమెకానిక్ ఉండేవాడట. ఒళ్ళు దాచుకోకుండా పనిచేసేవాడట, కానీ దూకుడట. కరెంటు ఇస్తున్నాం, బయటికి వచ్చెయ్యమని తను చెప్పాడట. ఇంకొక్క బోల్టు అంటూ ఆ కుర్రాడు లోపలే ఉండిపోయాడట. తను ఏడంతస్తులు పరుగెత్తుకుంటూ దిగి, ఒంటిమీది చొక్కా విప్పి ఆ చేతికి చుట్టాడట.

"తప్పు అతనిదే అనడం తేలిక. కానీ నాదీ ఉంది. నేను చెప్పాను, అతను విన్నాడో లేదో చూసుకోలేదు. ఆ రోజు నుంచి మనుషుల్ని వినడం నేర్చుకున్నాను."

హాలంతా చప్పట్లు. మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తన బలహీనతను ఇంత నిజాయితీగా బయటపెట్టే మేనేజర్లు అరుదని చెప్పింది. ఈ కథ విన్నాకే పెద్దాఫీసువాళ్ళు ఆయనకు అన్ని బ్రాంచీల బాధ్యతా అప్పజెబుతున్నారని పక్కనున్నవాడు నా చెవిన వేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ చొక్కా తెల్లచొక్కా. సాయంత్రం ఆసుపత్రికి వచ్చినప్పుడు కూడా దాని ఇస్త్రీ మడత చెక్కుచెదరలేదు. తమ్ముడి చేతికి చుట్టింది నా చొక్కా, నేను ఆసుపత్రి బెంచీ మీద ఎవరో ఇచ్చిన దుప్పటి కప్పుకుని కూర్చున్నాను.

లేచి కడిగిపారేద్దామనుకున్నాను. తమ్ముడు గుండ్రానికి అవతలివైపు కూర్చుని ఉన్నాడు. వాడు చప్పట్లు కొడుతున్నాడు. రెండు వేళ్ళున్న చెయ్యీ, అయిదు వేళ్ళున్న చెయ్యీ కలిపి కొడుతున్నాడు. నేను కూర్చుండిపోయాను.

ఆ రోజు ఏం జరిగిందో నేను చెబుతాను. మలుపులూ పాఠాలూ లేకుండానే చెబుతాను.

ఏడంతస్తుల ఆఫీసు భవనం, కొత్త లిఫ్టు. మర్నాడు పొద్దున ప్రారంభం. మధ్యాహ్నం మూడింటికి తమ్ముడు క్యాబిన్ నెత్తిమీద కూర్చుని పుల్లీకి గ్రీజు పెడుతున్నాడు. నేను పైన మెషిన్ రూమ్‌లో ఉన్నాను. మా పనిలో ఒక నియమం ఉంది. షాఫ్ట్‌లోకి ఎంతమంది దిగితే మెయిన్ స్విచ్ మీద అన్ని తాళాలు వేలాడాలి. ఎవరి తాళం వాళ్ళది, ఎవరి తాళంచెవి వాళ్ళ జేబులో. పదిమంది బయటికొచ్చి తమ తాళాలు తీసుకుపోయినా, పదకొండోవాడు లోపలుంటే వాడి తాళం స్విచ్‌ని కదలనివ్వదు. మేమేమో అక్కాతమ్ముళ్ళం. అప్పట్లో ఒకే ఇంట్లోంచి ఒకే బండి మీద పనికొచ్చేవాళ్ళం. మనిద్దరికీ రెండు తాళాలెందుకురా అని ఎప్పట్నుంచో నాదొక్కటే వేసేవాళ్ళం. మిగతా జతలెవరూ అలా చేసేవాళ్ళు కాదు. జాగ్రత్త అని వాళ్ళంటే, మీకు ఒకరిమీద ఒకరికి నమ్మకం లేదని మేం ఎగతాళి చేసేవాళ్ళం.

మెత్తటి సారు మెషిన్ రూమ్‌లోకి వచ్చాడు. భవనం ఓనరు కింద నిలబడ్డాడనీ, క్యాబిన్‌లో లైట్లు వెలిగితే చూసి వెళ్ళిపోతాడనీ, రెండు నిమిషాలు కరెంటు ఇమ్మనీ అన్నాడు. తమ్ముడు లోపలున్నాడన్నాను.

"ఫోన్ చేసి చెప్పానమ్మా. బయటికొచ్చేశాడు," అన్నాడు.

నేను తాళం తీశాను. కింద ఓనరు సరదాపడి బటన్ నొక్కాడు. క్యాబిన్ మీద ఉండే స్టాప్ బటన్‌కి మేం ఇంకా వైర్లు కలపలేదు. క్యాబిన్ కదిలింది, పుల్లీ తిరిగింది. తమ్ముడి అరుపు ఏడంతస్తులూ వినబడింది.

విచారణ జరిగింది. బయటికి రమ్మని చెప్పినా రాలేదని సారు కాగితం మీద రాశాడు. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టకపోతే ఇద్దరి కార్డులూ పోతాయనీ, కనీసం ఒక్కరైనా మిగలండమ్మా అనీ నచ్చజెప్పాడు. మంచం మీదున్న తమ్ముడు కూడా పెట్టేయక్కా అన్నాడు. పెట్టేశాను. ఆ సంతకం గుర్తొస్తే ఇప్పటికీ నా చెయ్యి నేనే నరుక్కోవాలనిపిస్తుంది.

ఆరేళ్ళు గడిస్తే పోయిన కార్డు కోసం మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. తమ్ముడు పెట్టుకున్నాడు. పని పరీక్షలో ఏడు వేళ్ళతో రోపు మార్చి చూపించాడు, అయిదుగురిలో ముందు ముగించింది వాడే. మిగిలింది లైసెన్సు కమిటీ ముందు కూర్చోవడం, ఆ దిక్కుమాలిన కథ చెప్పడం. ఇది తప్పితే మళ్ళీ దరఖాస్తు లేదు. బతుకంతా ఆ కిటికీయే.

కథ తయారుచేసి ఇచ్చింది మెత్తటి సారే. మేడమ్ దానికి మెరుగులు దిద్దింది. తన దూకుడువల్లే వేళ్ళు పోయాయని, సారు మానవత్వం తనను కొత్తమనిషిని చేసిందని తమ్ముడు చెప్పాలి. చెబితే సారు స్వయంగా వచ్చి సిఫారసు చేస్తాడు. నేను ఆదివారం వాళ్ళింటికి వెళ్ళేసరికి తమ్ముడు బీరువా అద్దం ముందు నిలబడి సాధన చేస్తున్నాడు. పద్నాలుగేళ్ళ మేనకోడలు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, కాగితం పట్టుకుని వింటోంది. "నా దూకుడుకు సిగ్గుపడుతున్నాను" దగ్గర నాన్న మాటిమాటికీ ఆగిపోతున్నాడు అత్తా, అని నాకు చెప్పింది. కూతురికి కూడా ఆ కథే నిజమైపోయింది.

ఆ పిల్లను వంటింట్లోకి పంపి తమ్ముణ్ణి పట్టుకున్నాను. సిగ్గులేదురా అన్నాను. వేళ్ళు తీసుకున్నవాడికి దణ్ణం కూడా పెడతావా అన్నాను. ఆయన ఫోన్ చెయ్యలేదు, అబద్ధం చెప్పాడు, ఆ ముక్క కమిటీ ముందు అనడానికి నీకేం రోగం అన్నాను. నోటికి ఎంతొస్తే అంత అన్నాను. వాడు అద్దంలోంచే నావైపు చూశాడు.

"నాకు కథ వద్దక్కా. కార్డు కావాలి. కథ ఎవరిదైతే నాకేంటి?"

"అబద్ధం చెప్పి తెచ్చుకున్న కార్డు జేబులో పెట్టుకుని తిరుగుతావా?"

"నిజం చెబితే వాళ్ళు ఇంకో ప్రశ్న వేస్తారు. అదేంటో నువ్వు ఆలోచించుకో."

నేను ఆలోచించలేదు. కోపంలో ఉన్నవాళ్ళకు అదొక సౌకర్యం. వెన్నెముక లేనివాడివని తిట్టి, చెప్పులు వేసుకుని వచ్చేశాను. మరదలు టీ పెట్టి పిలుస్తున్నా ఆగలేదు.

కమిటీ రోజు పదకొండు గంటలకు మమ్మల్ని లోపలికి పిలిచారు. పాత కాగితం మీద సాక్షి సంతకం నాది కాబట్టి నన్నూ రమ్మన్నారు. పొడుగాటి బల్ల, అవతల ముగ్గురు. మధ్యలో లైసెన్సు ఆఫీసరమ్మ. ఒక పక్క మా కంపెనీ పెద్దాఫీసు మనిషి. ఇంకో పక్క ముసలాయన, నలభై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరయినవాడు. అరచేతులు చూస్తేనే మనవాడని తెలిసిపోతుంది. మెత్తటి సారు గోడవారగా కుర్చీ వేసుకుని, నన్ను చూసి చిరునవ్వు నవ్వాడు.

తమ్ముడు కథ చెప్పాడు. బాగా చెప్పాడు, ఒప్పుకోవాలి. సిగ్గుపడుతున్నాను అనే చోట కూడా ఆగలేదు. పెద్దాఫీసు మనిషి తల ఊపుతూ ఏదో రాసుకున్నాడు. ఆఫీసరమ్మ పెన్ను మూత తీసింది. సంతకం పెట్టబోతోందనే అనుకున్నాను. అప్పుడు ముసలాయన కళ్ళజోడు సర్దుకుని అడిగాడు.

"అంతా బాగానే ఉంది బాబూ. నువ్వు లోపలే ఉన్నావు కదా, మరి స్విచ్ మీద నీ తాళం ఎవరు తీశారు?"

కథలు నేర్పే మేడమ్‌కు ఈ ప్రశ్న తట్టలేదు. తట్టదు, ఆవిడ ఎప్పుడూ షాఫ్ట్‌లోకి దిగలేదు. తట్టాల్సిన సారుకు తట్టలేదు. ఏనాడూ తన తాళం తను వేసుకుని లోపలికి దిగినవాడు కాదు కదా.

తమ్ముడు ఒక్కసారి నావైపు చూసి, వెంటనే చూపు బల్ల మీదికి తిప్పుకున్నాడు.

"తాళం వెయ్యలేదండి. తాళం లేకుండానే దిగాను. అక్కకి కూడా చెప్పలేదు," అన్నాడు.

ముసలాయన పెన్ను కింద పెట్టేశాడు. మొహం మాడిపోయింది. మా పనిలో అంతకుమించిన నేరం లేదు. దూకుడంటే క్షమిస్తారు, పొరపాటంటే క్షమిస్తారు, తాళం లేకుండా దిగినవాణ్ణి మాత్రం జన్మలో మళ్ళీ దిగనివ్వరు. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి ఇంకా బాగా తెలుసు. చేతికందిన కార్డును వాడే తోసేసుకున్నాడు. సారు కోసం కాదు. సారును కాపాడటానికి ఆ మాట అక్కర్లేదు. తాళం తీసినదాన్ని నేను. వాడు దాస్తున్నది నన్ను.

ఈ మొద్దుబుర్రకు అప్పుడు అర్థమైంది. ఆరేళ్ళుగా వాడు తలవంచుకుని తిరుగుతుంటే పిరికివాడు, వెన్నెముక లేనివాడు అని తిట్టుకున్నాను. అర్థమైనకొద్దీ ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద మండాలో తెలియక అందరిమీదా మండింది.

"తాళం ఉందండి. నాది. తీసింది నేనే," అన్నాను.

తమ్ముడు అక్కా అంటూ లేచాడు. కూర్చోరా అన్నాను. నా గొంతు బయట వరండా దాకా వినబడి ఉంటుంది. మొత్తం చెప్పాను. ఇద్దరం ఒకే తాళంతో నెట్టుకొచ్చిన సంగతి చెప్పాను. సారు వచ్చి అడిగిన సంగతి, ఫోన్ చేశానన్న మాట, నేను సంతకం పెట్టిన అబద్ధం, అన్నీ చెప్పాను. మెత్తటి సారు నవ్వు చెరగకుండానే కుర్చీలో ముందుకు వంగి, ఈవిడ చాలా ఉద్వేగంలో ఉన్నారనీ, తను ఆ రోజు ఫోన్ చేసిన మాట వాస్తవమనీ, అతను ఎత్తి సరేనన్నాడనీ చెప్పాడు.

ఆ మాటతో నాలో ఇంకా ఏ మూలో మిగిలి ఉన్న భయం కూడా పోయింది. ఎందుకంటే నేను ఇంకొక ముక్క దాచుకున్నాను. ఆరేళ్ళుగా మా ఆయనకు కూడా చెప్పలేదు.

"ఫోన్ వాడి దగ్గర లేదండి. గ్రీజు పని కదా అని సంచిలో వేసి నాకిచ్చాడు. సంచి నా కాళ్ళ దగ్గరే ఉంది. ఫోన్ మోగలేదు. మోగలేదని నాకు తెలుసు. ఆయన చేశానన్నప్పుడే తెలుసు. పెద్దమనిషి, ఇంజనీరు, ఆయన అబద్ధమెందుకు చెబుతాడులే అనుకుని తీశాను."

సారు నోరు విప్పి, ఆ పరిస్థితిలో తన ఉద్దేశం ఏమిటంటే అని మొదలుపెట్టాడు.

"ఉద్దేశం తర్వాత బాబూ. ఆ ఫోన్ ఎత్తి సరేనన్నది ఎవరు?" అన్నాడు ముసలాయన.

పెద్దాఫీసు మనిషి తను రాసుకున్న కాగితం తిరగేసి పెట్టేశాడు. ఆఫీసరమ్మ ఇంతకుముందు చెప్పిన కథనంతా పక్కనపెట్టి, మొదటినుంచీ నా వాఙ్మూలం రాయించింది. ఆవిడ ప్రతి వాక్యానికీ ఆపి టైము అడిగింది, ఎవరెక్కడ నిలబడ్డారో అడిగింది. ఇందులో నేర్చుకున్నదేమిటని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. నాకు ఆవిణ్ణి చూస్తే ప్రాణం లేచొచ్చింది.

గంట తర్వాత తేల్చి చెప్పారు. తమ్ముడి మీద పాత కాగితంలో రాసింది చెల్లదు. తన తాళం తను వేసుకోనందుకు నెల రోజులు మళ్ళీ ట్రెయినింగ్ చెయ్యాలి, ఆ తర్వాత కార్డు ఇస్తారు. సారు మీద విచారణ తిరగతోడతారు, అది తేలేదాకా అన్ని బ్రాంచీల సంగతి ఆగిపోతుంది. నా కార్డు బల్ల మీద పెట్టమన్నారు. మెడలోంచి తీసి పెట్టాను. ముసలాయన దాన్ని చేతిలోకి తీసుకుని నా ఫొటో చూశాడు. ఇరవై రెండేళ్ళు చేసినదానివి, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని ఎలా తీశావమ్మా అన్నాడు. తిట్టినా బాగుండేది.

వరండాలోకి రాగానే తమ్ముడు నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. సంతోషపడ్డాడనుకుంటున్నారేమో. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వాడికి అంత కోపం రావడం నేను ఆరేళ్ళలో చూడలేదు. నిన్నెవరు చెప్పమన్నారని అడిగాడు. నీ కార్డు పోయాక నా కార్డు ఎవడిక్కావాలన్నాడు. బోల్టుల కిటికీ దగ్గర వాడికి అలవాటైపోయిందట, నేనైతే అక్కడ నెల రోజులు కూడా కూర్చోలేనట. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నా వాడికి పట్టలేదు.

"నోరు మూసుకుని ఉన్నది ఎవరి కోసమనుకున్నావ్? ఫోన్ నీ దగ్గరుందని నాకు తెలీదా? నేనే కదా ఇచ్చింది."

"మరి ఆ ముక్క నాతో ఎందుకు అనలేదురా?"

"అంటే నువ్వు ఊరుకుంటావా? ఆ రోజే పరుగెత్తుకెళ్ళి మొత్తం చెప్పేసి, కార్డు వాళ్ళ మొహాన కొట్టి వచ్చేదానివి. నీ సంగతి నాకు తెలుసు."

వాడు నన్ను అంత మంచిదాన్ననుకుంటున్నాడు. ఆరేళ్ళుగా ఆ కిటికీ వెనక కూర్చుని, బోల్టులు అందిస్తూ, నా గురించి అలాగే అనుకుంటున్నాడు. అవునురా, చెప్పేసేదాన్నే అంటే సరిపోయేది. వాడి మనసు నిండేది, నా పరువూ నిలిచేది. సారు చెప్పిన కథలన్నీ ఇలాగే మొదలై ఉంటాయి.

"ఊరుకునేదాన్నిరా," అన్నాను.

తమ్ముడు నా చెయ్యి వదిలేశాడు. చాలాసేపు నా మొహంలోకి చూశాడు, అబద్ధమేమోనని వెతుకుతున్నట్టుగా. తర్వాత ట్రెయినింగ్ ఎప్పట్నుంచో కనుక్కుని వస్తానని చెప్పి, ఒక్కడే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.